లియోని ఫాంహౌస్‌కి పంపకు, అమ్మలూ

అమ్మలూ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "పెద్దమ్మా, ఇంక నా వల్ల కాదు. పప్పులో బొచ్చు, పరుపు మీద బొచ్చు, చంటిదాని నోట్లో బొచ్చు. దసరాకి అత్తయ్యగారు వచ్చేలోపు లియోని శామీర్‌పేట అవతల ఎవరిదో ఫాంహౌస్ ఉంటే అక్కడికి పంపించేద్దాం అంటున్నారు ఈయన" అన్నావు. అంటూనే ఏడ్చేశావు. ఆ ఏడుపు వినబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెప్తే సగం మాటలు చంటిదాని గోలలో కొట్టుకుపోతాయి. కాగితం మీద ఉంటే ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని చూసుకుంటావు.

ముందు ఆ ఫాంహౌస్ సంగతి తేల్చుకుందాం. నలభై అయిదు రోజుల పిల్లగా వచ్చిన దగ్గర్నుంచి ఆరేళ్లుగా లియో నీ మంచం పక్కనే పడుకుంటున్నాడు. నీ సీమంతం ఫొటోలు తీసి చూడు, ప్రతి దాంట్లోనూ నీ కాళ్ల దగ్గర వాడి తల కనిపిస్తుంది. లాబ్రడార్ కాపలా కుక్క కాదమ్మా, వాడికి పక్కన మనిషి ఉండాలి. అక్కడేముంటుంది? పగలంతా గొలుసు, రాత్రికి ఒక వాచ్‌మన్, వారానికోసారి కారులో వచ్చి వెళ్లే యజమానులు. చుట్టూ గడ్డి, గడ్డి నిండా పిడుదులు. మీ పెదనాన్న ముప్ఫై ఏళ్లు పశువుల డాక్టరుగా చేశారు. తాడేపల్లిగూడెంలో ఉన్నా, నిడదవోలులో ఉన్నా మా క్వార్టర్సు ఆసుపత్రి పక్కనే. అలా తోటలకి పంపేసిన ఇంటి కుక్కల్ని చాలా చూశాను. రోగం చిన్నదే అయినా అన్నం ముట్టేవి కావు. గేటు వైపు తిరిగి కూర్చునేవి. లియో అలా కూర్చోవడం ఊహించుకోలేను. నువ్వూ ఊహించుకోలేవు, అందుకే ఏడ్చావు.

ఇక బొచ్చు సంగతి. లియోని తెచ్చేటప్పుడు "పొట్టి బొచ్చు కుక్క, పెద్దగా ఊడదు" అన్నాడు అల్లుడు. చాలామంది అదే అనుకుని తెచ్చుకుంటారు. ఊడిపోతూ ఉంటుంది కాబట్టే అది పొట్టిగా ఉంటుందమ్మా. మన తల వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది, అందుకే జడ వేసుకోగలుగుతున్నాం. లాబ్రడార్ వెంట్రుక కొద్దికాలమే పెరుగుతుంది. ఆగిపోయి, కుదుట్లో కొన్నాళ్లు అలాగే నిలబడి, కింద నుంచి కొత్తది తోసుకొస్తుంటే రాలిపోతుంది. పూడిల్ లాంటి కుక్కల బొచ్చు మన జుట్టులాగా పెరుగుతూ పోతుంది. అవి తక్కువ రాలుస్తాయి గానీ వాటికి క్షవరం తప్పదు. పైగా లియోది బిరుసు వెంట్రుక. పొడుగు బొచ్చయితే ఉండ కట్టి చేతికి దొరుకుతుంది. ఇది సూదిలా సోఫా నేతలోకి దిగి కూర్చుంటుంది. అందుకే ఇల్లంతా వాడి బొచ్చే అనిపిస్తుంది నీకు.

ఇంకో సంగతి. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు. పైన జిడ్డుగా, నీళ్లు జారిపోయేలా ఉండేది ఒకటి. దాని కింద దూదిలా మెత్తగా, ఒత్తుగా ఉండేది ఇంకొకటి. వీళ్ల తాతలు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలర్ల దగ్గర బతికారు. మంచులాంటి సముద్రంలోకి దూకి వలల తాళ్లు, జారిపోయిన చేపలు నోటితో పట్టి తెచ్చేవారు. అక్కణ్ణుంచి ఇంగ్లండు చేరాక, 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. ఆ చలికోసం తయారైన కోటు తొడుక్కునే వాడు నీ కూకట్‌పల్లి ఫ్లాటులో తిరుగుతున్నాడు.

ఆ బొచ్చు ఎప్పుడు రాలాలో వాడి ఒంటికి ముఖ్యంగా పగటి వెలుతురు చెప్తుంది. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, డిసెంబరు పగలు ఎనిమిది గంటలకి కాస్త తక్కువ. అలాంటి చోట్ల కుక్కలు ఏడాదికి రెండుసార్లు కుప్పలుగా రాల్చి మిగతా రోజులు కాస్త ఊరుకుంటాయి. మన హైదరాబాదులో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ తేడా రెండు గంటలే. దానికి తోడు మీ హాల్లో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతూ ఉంటాయి. వాడి ఒంటికి కాలం తెలియదు, ఏడాది పొడవునా రాలుస్తూనే ఉంటుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు మరీ ఎక్కువ. దీన్ని ఆపే మందు గానీ షాంపూ గానీ లేదు. ఎవరైనా ఉందని అమ్మజూపితే కొనకు. ఎలాగూ రాలే వెంట్రుకని సోఫాకి చేరకముందే నువ్వు తీసేసుకోవచ్చు, అంతవరకే మన చేతిలో ఉంది. ఆ అంతవరకు చేస్తే చాలా తేడా ఉంటుంది.

గుండు కొట్టించే ఆలోచన ఉంటే మానుకో. "ట్రిమ్మర్ పెట్టేస్తే చల్లగానూ ఉంటుంది, రాలదు కూడా" అన్నాడన్నావు కదా ఆ గ్రూమింగ్ అబ్బాయి. రెండూ తప్పే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పుతూ వేడి వదులుకుంటుంది, అరికాళ్లకి మాత్రం కాస్త చెమట పడుతుంది. ఆ పై బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడుతుంది. తీసేస్తే చర్మం మాడుతుంది. రాలడం కూడా ఆగదు, ఇప్పుడు అంగుళం వెంట్రుక రాలితే అప్పుడు గుండుసూది మొనంత ముక్కలు రాలతాయి, అవి ఇంకా గుచ్చుకుంటాయి. పైగా రెండు పొరల కుక్కలకి గొరిగిన బొచ్చు కొన్నిసార్లు సరిగా తిరిగి రాదు. ఒక ఎండాకాలం భీమవరంలో ఒకాయన జర్మన్ షెపర్డ్‌కి నున్నగా గొరిగించి తీసుకొచ్చాడు, వీపంతా ఎర్రగా కమిలి ఉంది. చర్మం వారంలో మానింది. బొచ్చు మాత్రం దీపావళికి కూడా అతుకుల బొంతలాగే ఉంది. ఆయన మంచివాడే, కుక్కకి ఉక్కగా ఉందని జాలిపడి చేయించాడు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. రోజుకి పది నిమిషాలు చాలు. పొద్దున్న వాడు బయటికెళ్లి వచ్చాక, ఇల్లు ఊడ్చే ముందు, బాల్కనీలో. ఈ వరస ముఖ్యం. ఊడ్చాక దువ్వితే పని రెండింతలు. రబ్బరు పళ్ల బ్రష్షు ఒకటి కొను, అరచేతిలో ఇమిడేది. లేదా చేతికి తొడుక్కునే రబ్బరు గ్లౌజు కొను. ఖరీదైనది అక్కర్లేదు. వాడి వెనక కూర్చుని, మెడ దగ్గర మొదలుపెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోక దాకా రుద్దు. మొదట కొంచెం ఎదురు దిశలో, తర్వాత బొచ్చు వాలు వెంట. బలంగా వద్దు, చంటిదానికి నలుగు పెట్టినట్టు. మెడ చుట్టూ, తొడల వెనక, తోక మొదట్లో అడుగు బొచ్చు ఎక్కువ, అక్కడ కాస్త నిదానించు. పొట్ట కింద, చంకల్లో చర్మం పలచన, అక్కడ బ్రష్షు వద్దు, వేళ్లతో చాలు. చివర్లో తడిపి పిండిన పాత చేతి రుమాలుతో తల నుంచి తోకకి ఒకసారి తుడిచెయ్. వదులుగా మిగిలిన వెంట్రుకలు అంటుకొచ్చేస్తాయి.

వారానికోసారి మాత్రం అడుగు బొచ్చుకోసం ప్రత్యేకంగా అమ్మే దువ్వెన వాడు, పళ్లు దూరంగా, మొన గుండ్రంగా ఉంటాయి. ఈ పని ఆదివారం అల్లుడికి అప్పగించు. బ్లేడులా ఉండి కుప్పలుగా బొచ్చు లాగేవి కూడా బజార్లో ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎంత తీశామో అని. అదే ప్రమాదం. రోజూ లాగితే మంచి పై బొచ్చు కూడా తెగుతుంది, చర్మం గీసుకుంటుంది. దాన్ని కొని ఉంటే నెలకి ఒకటి రెండుసార్లకి మించనివ్వకు.

మొదటి వారం బ్రష్షు నిండా వస్తూనే ఉంటుంది, విసుగొస్తుంది. మూడో వారానికి నేల మీద తేడా నీకే కనిపిస్తుంది.

మా లాబ్రడార్ మోతీ గుర్తుందా నీకు? నువ్వు వేసవి సెలవులకి వస్తే నీ చేతిలో మామిడి టెంక లాక్కుపోయేది, మీ పెదనాన్న దాని వెనక పరిగెత్తేవారు, టెంక గొంతుకో పేగుకో అడ్డం పడుతుందని. దాన్ని నేను రోజూ పెరటి అరుగు మీద కూర్చోబెట్టి దువ్వేదాన్ని. మొదటి రెండు రోజులు బ్రష్షుని కరవబోయింది. మూడోరోజు దువ్వుతూ చిన్న కోడిమాంసం ముక్క పెట్టాను. వారానికల్లా బ్రష్షు చప్పుడు వింటే చాలు, వచ్చి నాకు వీపు తిప్పి కూర్చునేది. రబ్బరు వెంట్రుకల మీద తిరుగుతుంటే సర్ సర్ మని చప్పుడు, ఎండలో బంగారు పొడిలా లేచే అడుగు బొచ్చు. నేను గోడ పక్కన వదిలేస్తే పిచుకలు ముక్కున కరుచుకుపోయి గూళ్లలో పరుచుకునేవి. నువ్వు మాత్రం అలా వదలకు. ఇప్పుడు కుక్కలకి పిడుదులకోసం మెడ మీద మందు వేస్తున్నాం, అది బొచ్చుతో పాటు పిట్ట పిల్లలకి చేరుతుంది. సంచిలో కట్టి చెత్తలో వెయ్.

స్నానం విషయంలో నిన్ను కొంచెం కోప్పడాలి. ప్రతి ఆదివారం, చంటిదాని షాంపూతో! మన చర్మానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ అయిదున్నర దగ్గర. కుక్క చర్మం దాదాపు ఏడు దగ్గర ఉంటుంది, పొర కూడా మనకంటే పలచన. మన షాంపూ, చంటిపిల్లలదైనా సరే, వాడికి సరిపడదు. వారం వారం తోమితే ఆ పై బొచ్చు మీద ఉండే సహజమైన జిడ్డు పోతుంది, చర్మం ఎండి చుండ్రు లేస్తుంది, దురద పుట్టి గోక్కుంటాడు, గోక్కుంటే ఇంకా రాలుతుంది. మూడు నాలుగు వారాలకోసారి చాలు, కుక్కల షాంపూతో. ముందు పొడి ఒంటి మీదే బాగా దువ్వు. గోరువెచ్చని నీళ్లు పోసి, నురగ పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు. తూము మీద ఒక జల్లెడ పెట్టుకో, లేకపోతే ప్లంబర్ని పిలవాలి. ఈ వానల్లో అన్నిటికంటే ముఖ్యం ఆరబెట్టడం. పైన ఆరినట్టు కనిపిస్తుంది గానీ అడుగు బొచ్చు గంటల తరబడి తడిగా ఉంటుంది. తడి నిలిస్తే చర్మం మీద పుండు పడుతుంది, పుల్లటి వాసన వస్తుంది. తువ్వాలుతో ఒత్తి, డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, వేళ్లతో బొచ్చు విడదీస్తూ ఆరబెట్టు. స్నానం తర్వాత రెండు రోజులు ఎక్కువ రాలుతుంది, కంగారుపడకు, ఆ రెండు రోజులూ మరో అయిదు నిమిషాలు దువ్వు.

కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని మీ పక్కింటావిడ చెప్పిందన్నావు. వద్దు. వాడు నాక్కుంటాడు, కర్పూరం కుక్కకి విషం. కిరసనాయిలు, బండి ఇంజను నూనె రాసి తెచ్చిన కుక్కల్ని కూడా మా ఆసుపత్రిలో చూశాను, ఆ చర్మం కాలిపోయిన తీరు ఇప్పటికీ కళ్లముందుంటుంది.

తిండి. నేను మొన్న ఉగాదికి వచ్చినప్పుడు గమనించాను, పొద్దున్న పెరుగన్నం, రాత్రి పప్పన్నం, మధ్యలో చంటిది పారేసిన బిస్కెట్లు. మన ఇళ్లలో కుక్కకి ప్రేమతో పెట్టేది ఇదే. కానీ వెంట్రుక అంటే దాదాపు అంతా మాంసకృత్తే అమ్మలూ. వాడు తినే మాంసకృత్తుల్లో పావువంతుకి పైగా చర్మానికి, బొచ్చుకే పోతాయంటారు డాక్టర్లు. పెరుగన్నంలో అదెంత ఉంటుంది? పొట్ట నిండుతుంది, ఒళ్లు వస్తుంది, బొచ్చు మాత్రం మెరుపు పోయి గడ్డిలా అవుతుంది. మీరు గుడ్లు తింటారు కాబట్టి ఇబ్బంది లేదు. ఉడికించిన గుడ్డు పెట్టు. పచ్చిది వద్దు, పచ్చి తెల్లసొన చర్మానికి కావలసిన బయోటిన్‌ని అందనివ్వదు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి, ఎముకలు తీసేసి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి, కూరలో ముక్కలు ఏరేసి పెట్టినా ఆ రసం ఉంటుంది. ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలు తగలనివ్వకు, చంటిదాని చేతిలోవి కూడా. లేదా మంచి కుక్కల ఆహారం కొని కొలిచి పెట్టు, అన్నం అలవాటుకి ఒక గుప్పెడు కలుపు. పాత తిండి నుంచి కొత్తదానికి వారం రోజుల్లో మెల్లిగా మార్చు, లేకపోతే విరేచనాలవుతాయి.

చేపనూనె బాగా పనిచేస్తుంది. ఎంత వెయ్యాలో వాడి బరువు చూసి డాక్టరు చెప్పాలి, ఎక్కువైతే కడుపు చెడుతుంది. కాడ్ లివర్ ఆయిల్ అని ఇంకోటి ఉంటుంది, దాంట్లో ఎ విటమిన్ ఎక్కువ, అది రోజూ పొయ్యకూడదు. చేపనూనె ఫలితం కనబడటానికి ఎనిమిది వారాలైనా పడుతుంది. పదిహేను రోజులకే ఏం లాభం లేదని మానెయ్యకు.

ఇంటి శుభ్రం నీకు నేను నేర్పక్కర్లేదు, రెండు మూడు చిట్కాలు మాత్రం. ఊడ్చేటప్పుడు ఫ్యాను ఆపు. పొడి చీపురు బొచ్చుని గాల్లోకి లేపుతుంది, అది వంటగట్టు మీదే దిగుతుంది. ముందు తడిగుడ్డ గానీ, ఉంటే వాక్యూమ్ గానీ, తర్వాతే చీపురు. సోఫాకి, గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు కొంచెం తడిపి తొడుక్కుని ఒకే వైపుకి నిమురు, వెంట్రుకలన్నీ చాపలా చుట్టుకొస్తాయి. వాడు పడుకునే చోట ఒక పాత నూలు దుప్పటి పరిచి, రెండు రోజులకోసారి మార్చు. మిషన్లో వేసే ముందు బాల్కనీలో గట్టిగా దులుపు. పూజగదికి, వంటింటికి చిన్నపిల్లలకి పెట్టే మడత గేటు పెట్టించు. మీ అత్తగారు మడి కట్టుకునే మనిషి, ఆవిడ బాధ చిన్నది కాదు. ఆ రెండు గదుల్లోకి కుక్క రాదని ఆవిడకి నమ్మకం కలిగిస్తే సగం గొడవ సద్దుమణుగుతుంది. లియో తెలివైనవాడు, గేటు దగ్గర ఆగమంటే పది రోజుల్లో నేర్చుకుంటాడు.

అల్లుడి తుమ్ములకి బొచ్చు కారణం అనుకుంటున్నారు. అలర్జీ తెప్పించేది కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉంటుంది, వెంట్రుక దాన్ని మోసుకు తిరుగుతుంది. అసలు అలర్జీ రానివ్వని కుక్క జాతి అంటూ లేదు. దువ్వే పని ఆయన చేసే రోజు మాస్కు పెట్టుకోమను, పడగ్గదిలోకి లియోని కొన్నాళ్లు రానివ్వకండి. చంటిదానికి మాత్రం భయపడకు. నోట్లోకి ఒకటి రెండు వెంట్రుకలు పోతే ఏమీ కాదు. లియోకి నట్టలమందు, టీకాలు వేళకి వేయించు, చంటిదాని చేతులు కడుగుతూ ఉండు.

ఇప్పటిదాకా చెప్పింది మామూలుగా రాలే బొచ్చు గురించి. మామూలుగా రాలితే ఒంటి మీద ఎక్కడా చర్మం బయటపడదు, దురద ఉండదు, కుక్క హుషారుగా ఉంటుంది. ఎక్కడైనా నాణెమంత గుండ్రంగా ఊడితే తామర కావచ్చు, అది పిల్లలకి అంటుకుంటుంది. చెవుల అంచులు, మోచేతులు పొక్కులు కట్టి రాత్రంతా గోక్కుంటే గజ్జి, అదీ మనుషులకి అంటుతుంది. రోజూ దువ్వేటప్పుడు చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, బెల్టు కింద పిడుదుల కోసం చూడు. మీ వైపు గోమార్లు అంటారు. దొరికితే చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగు, అగ్గిపుల్లతో కాల్చకు. తిండి మానేసి, ఒళ్లు కాలుతూ, చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే అది పిడుదుల జ్వరం, మర్నాటిదాకా ఆగకూడదు. ఇంకోటి, పిడుదులకని పశువులకి వేసే ఇంజెక్షన్ కుక్కకి పొడిపిస్తే చవకలో అయిపోతుందని ఎవరైనా అంటే వినకు.

నిన్న నువ్వు అటూ ఇటూ చెప్తూ రెండు మాటలన్నావు, నీకు అవి పెద్దవి కాదు. "బద్ధకం పెరిగింది పెద్దమ్మా, మెట్ల దగ్గరే కూర్చుండిపోతున్నాడు" అన్నావు. "తోక మీద పలచబడింది, ఎక్కడైనా రుద్దుకున్నాడేమో" అన్నావు. అక్కడ నా గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే మోతీకి ఇలాగే మొదలైంది. లాబ్రడార్ తోక చూశావుగా, మొదట్లో లావుగా, చుట్టూ ఒత్తుగా, నీటికుక్క తోకలా. మోతీకి ఏడో ఏట ఆ తోక మీద వెంట్రుకలు పలచబడ్డాయి. తర్వాత బెల్టు రాసుకునే చోట, తర్వాత రెండు పక్కలా డొక్కల మీద ఒకేలా. దురద లేదు. గోక్కోలేదు. అందుకే అందరం వేసవి బొచ్చు అనుకున్నాం. ఒళ్లు వస్తుంటే నేను అన్నం తగ్గించాను. ఎండలో వెళ్లి పడుకుంటుంటే ముసలితనం అన్నాను. మీ పెదనాన్నకి అప్పుడు గాలికుంటు టీకాల హడావిడి, ఊళ్లు తిరిగి రాత్రికి వచ్చేవారు. నాలుగు నెలలు అలా గడిచిపోయాయి. ఒక రోజు దువ్వుతూ తోక పట్టుకుంటే చేతికి బోడి చర్మం తగిలింది, నల్లగా, మందంగా. ఆ రాత్రి ఆయన భోజనం మధ్యలో లేచి టార్చిలైటు పెట్టి చూశారు. "థైరాయిడ్" అన్నారు. రక్తం తీసి పరీక్షకి పంపిస్తే అదే.

మాత్రలు మొదలుపెట్టాం, జీవితాంతం వేయాలి. రెండు వారాలకే మోతీ లేచి తిరగడం మొదలుపెట్టింది. మొదట్లో బొచ్చు ఇంకా ఎక్కువ రాలింది, కొత్తది పాతదాన్ని తోసేస్తుంది కాబట్టి. అయిదో నెలకి తోక మళ్లీ నిండింది. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. కానీ ఆ నాలుగు నెలలు ముందే నా చెయ్యి తోక దాకా వెళ్లి ఉంటే ఆ పిల్ల అంత నీరసం పడేది కాదు. అప్పట్నుంచి నేను ఏ కుక్కని దువ్వినా తోక చివరిదాకా వేళ్లు పోనిస్తాను.

లియో బరువు 41 కిలోలు అన్నావు. మగ లాబ్రడార్ 29 నుంచి 36 కిలోలు ఉండాలి. పెరుగన్నం వల్లే కావచ్చు, అలా అయితే సంతోషం. కానీ ఒళ్లు, బద్ధకం, తోక మూడూ ఒకేసారి కనిపిస్తుంటే పరీక్ష చేయించకుండా ఉండొద్దు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, లేదా నువ్వు ఎప్పుడూ చూపించే డాక్టరైనా సరే. థైరాయిడ్ రక్తపరీక్ష అడుగు. దాంట్లో చూసే టి4 అనే హార్మోను వేరే జబ్బుల వల్ల కూడా తగ్గుతుంది, అందుకని దాంతో పాటు టిఎస్‌హెచ్ కూడా చేయమను. తోక దగ్గర చర్మం కొంచెం గీరి మైక్రోస్కోపు కింద చూడమని కూడా అడుగు, పురుగులేమైనా ఉంటే తెలిసిపోతుంది. దానికి ఎక్కువసేపు పట్టదు.

నేను శుక్రవారం కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను, శనివారం పొద్దున్న లింగంపల్లిలో దిగుతాను. అల్లుణ్ణి స్టేషనుకి రమ్మను, లియోని కూడా కారులో ఎక్కించుకు రమ్మను. మోతీ బ్రష్షు సంచిలో పెట్టుకున్నాను, పళ్లు అరిగాయి గానీ ఇంకా పనికొస్తుంది. పది రోజులుండి నీ చేత రోజూ దువ్విస్తాను, మీ అత్తగారు వచ్చేవేళకి నేనూ అక్కడే ఉంటాను. డాక్టరు దగ్గరికి మాత్రం నా కోసం ఆగకు, గురువారమే తీసుకెళ్లు. రక్తం తీసే రోజు పొద్దున్న వాడికి తిండి పెట్టకు, నీళ్లు మాత్రం పెట్టు.

నీ పెద్దమ్మ